చేతికి కట్టు... సైకిలుకు కొత్త బ్రేకు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరకని వస్తువంటూ ఉంటే అది ఖాళీ స్థలం ఒక్కటే. ఎం.జి. రోడ్డు మీద బస్సు దిగి పక్క గల్లీలోకి తిరిగితే చాలు... ఒక దుకాణం నిండా బేరింగులు. దాని పక్క దుకాణం నిండా బెల్టులు. ఆ పక్కన తాళ్లు, గొలుసులు, కప్పీలు. నాలుగడుగులు వేస్తే నీళ్ల మోటార్లు, వాల్వులు, వెల్డింగు అద్దాలు, పసుపుపచ్చ హెల్మెట్లు. కందిగింజంత స్క్రూ నుంచి మోచెయ్యంత బోల్టు దాకా గోనెసంచుల్లో, డబ్బాల్లో నోరు తెరుచుకుని ఉంటాయి. కొన్ని లెక్కన అమ్ముతారు, కొన్ని తూకాన అమ్ముతారు. దుకాణాల ముందు స్కూటర్లు, స్కూటర్ల సందుల్లో తోపుడుబళ్లు, ఆ సందుల్లోంచే చుక్క ఒలక్కుండా టీ పట్టుకుని దూసుకుపోయే కుర్రాళ్లు.

మేము మారేడుపల్లికి వచ్చి 26 ఏళ్లు. ఇన్నేళ్లలో ఈ గల్లీలు నాకు బస్సు కిటికీలోంచి కనిపించడమే తప్ప లోపలికి వెళ్లింది లేదు. జనరల్ బజార్‌లో చీరలు, మోండా మార్కెట్‌లో కూరగాయలు... అక్కడితో మా ఇలాకా అయిపోయేది. నట్లూ బోల్టులూ మగవాళ్ల వ్యవహారమని ఎవరు ఎప్పుడు తీర్మానించారో తెలీదు. అలాంటిది కిందటి వానాకాలంలో తొమ్మిదిసార్లు వెళ్లాను. కుడిచేతికి పిండికట్టు, మెడలో స్లింగు, ఎడమ భుజానికి గుడ్డసంచి. సంచిలో విరిగిన బ్రేకు పిడి.

ఇదంతా నా ఎలక్ట్రిక్ సైకిలు కోసం.

ఎలక్ట్రిక్ సైకిలంటే స్కూటరు కాదు. పెడళ్లు, గొలుసు, గేర్లు అన్నీ మామూలు సైకిలువే. వెనకచక్రం మధ్యలో పెద్ద టిఫిన్ డబ్బా మూతంత మోటారు ఉంటుంది. ఫ్రేముకు బ్యాటరీ బిగించి ఉంటుంది. మనం తొక్కుతుంటే వెనక నుంచి ఎవరో చెయ్యివేసి నెడుతున్నట్టు అది సాయం చేస్తుంది. తెనాలిలో చిన్నప్పుడు గంటకు అర్ధరూపాయి అద్దె సైకిలు తొక్కిన నేను, 51వ ఏట మళ్లీ సైకిలెక్కడానికి కారణం ఈ సాయమే. ఇంటి నుంచి నాంపల్లిలో మా ఆఫీసుకు పది కిలోమీటర్లకు అటూ ఇటూ. ప్యాట్నీ, ప్యారడైజ్, రాణిగంజ్ దాటి ట్యాంక్‌బండ్ ఎక్కేసరికి ఎడమపక్క ఊరు, కుడిపక్క హుస్సేన్‌సాగర్, ఎదురుగాలి. ఎవరూ దింపక్కర్లేదు, ఎవరి కోసమూ ఎదురు చూడక్కర్లేదు. మూడేళ్లపాటు ఆ ముప్పావుగంట నా సొంతం.

లష్కర్ బోనాలు అయిన మరుసటివారం, రాత్రంతా వాన. పొద్దున్న ఆరున్నరకు మా వీధి మలుపులో, కడుతున్న అపార్ట్‌మెంటు ముందు పోసిన సన్నకంకర రోడ్డు మీదికి కొట్టుకొచ్చింది. బురదనీళ్ల కింద అది కనిపించే అవకాశమే లేదు. ముందుచక్రం పక్కకు జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసేదే నా చెయ్యీ చేసింది. ముందుకు చాపుకుంది. హెల్మెట్ ఉండబట్టి తలకు గీత కూడా పడలేదు.

కుడి మణికట్టు పైన రేడియస్ ఎముక విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. ముక్కలు పెద్దగా పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదు, సరిచేసి కట్టు వేస్తే చాలు, ఆరువారాలు అన్నారు డాక్టరు. ఇంటికొచ్చేసరికి మా పిన్ని ఫోను. "పుత్తూరు తీసుకెళ్లండే, అక్కడి కట్టుకి తిరుగులేదు" అని. తిరుపతి జిల్లా పుత్తూరు ఎముకల కట్టు పేరు వినని తెలుగిల్లు ఉండదు. ఆ పేరుతో హైదరాబాద్‌లోనూ సందుకో బోర్డు. పిన్ని మాట తీసేయలేక ఒకటే చెప్పాను... ఎముక సరిగ్గా కూర్చుందో లేదో చూపించేది ఎక్స్‌రే, వేళ్లు మొద్దుబారితే ఆ రాత్రే పరుగెత్తాల్సింది ఆస్పత్రికి. ఆ రెండూ దగ్గరున్నచోటే ఉంటానని.

డాక్టరు ఇంకో మాట చెప్పారు. ఇది ఆడవాళ్లందరూ వినాలి. యాభై దాటాక నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముకలు బోలుగా మారుతున్నాయేమో చూడాలట. చాలామందిలో మొదటి హెచ్చరిక అక్కడి నుంచే వస్తుందట. నేను పడింది సైకిలు మీంచే అయినా, వయసు 54 కాబట్టి సాంద్రత పరీక్ష చేయించారు. హద్దులోనే ఉంది గానీ అంచున ఉంది. కాల్షియం, విటమిన్ డి, నడక రాసిచ్చారు. నడక రాసిచ్చాక రాణిగంజ్ వెళ్లకుండా ఎలా ఉంటాం?

ఇంట్లో మాత్రం సైకిలు మీద తీర్పు అప్పటికే అయిపోయింది. "అమ్మా, నువ్విక బస్సులోనే వెళ్లు" అంది మా అమ్మాయి. "అమ్మేద్దాం, ఎంతొస్తే అంత" అన్నారు మా ఆయన. అపార్ట్‌మెంటు వాళ్ల బాధ వేరు. సైకిలు పడింది కదా, బ్యాటరీ దెబ్బతిని సెల్లార్‌లో పేలితే? ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లోనే, ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచాయి. పొగ మెట్లమీదుగా పైనున్న లాడ్జి గదుల్లోకి ఎక్కి ఎనిమిదిమంది చనిపోయారు. ఆ సైరన్లు విన్నవాళ్లు మా బిల్డింగులో ఉన్నారు. అందుకే ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రమే బ్యాటరీని సైకిలు నుంచి ఊడదీయించాను. ఇనపబకెట్టులో ఇసుక పోసి, అందులో పెట్టించి, మేడమీద ఆరుబయట ఉంచాం. వాన తగలకుండా పైన రేకు. కొన్నాళ్లు మా తులసికోటకు ఆ బకెట్టే తోడు.

సైకిలు అమ్మిన దుకాణం వాళ్లు వెనకచక్రం మొత్తం మార్చాలన్నారు. సామాను రావడానికి ఎంతకాలమో చెప్పలేమన్నారు. దాంతో ట్రాలీ ఆటోలో వేసి రాణిగంజ్ వెనకవీధిలో ఒక మెకానిక్ దగ్గరికి పంపించాం. వయసు అరవై పైనే. అందరూ చాచా అంటారు. పూర్వం పంపుసెట్ల మోటార్లకు తీగ చుట్టేవాడు. ఇప్పుడు సగం ఎలక్ట్రిక్ బళ్లే.

చాచా నా కట్టు చూశాడు, సైకిలు చూశాడు. "ఇద్దరికీ కుడిపక్కనే తాకింది మేడం" అన్నాడు.

నిజమే. గేరు మార్చే డిరైలర్ వేలాడే చిన్న అల్యూమినియం ముక్క లోపలికి వంగిపోయింది. దాన్ని హ్యాంగర్ అంటారు. కావాలనే మెత్తగా చేస్తారట. దెబ్బ తగిలితే అది వంగి అసలు ఫ్రేమును కాపాడాలని. కుడి బ్రేకు పిడి విరిగింది. ముందుచక్రం ఎనిమిది అంకెలా కాదుగానీ, తిప్పితే పాములా మెలికలు పోతోంది. ఇవన్నీ కనిపించే దెబ్బలు. బెండు తీయడం చాచాకు చేతి మీది పని. చక్రాన్ని స్టాండుకు బిగించి, స్పోకులను వేలితో మీటుతూ, చప్పుడు తేడా వినిపించినచోట కీ తిప్పుతాడు. అరగంటలో చక్రం దారం పట్టినట్టు తిరిగింది.

కనిపించని దెబ్బ మోటారుది. వేరే బ్యాటరీ తగిలించి ఆన్ చేస్తే చక్రం తిరగదు, వణుకుతుంది. గుర్‌మని ఒక చప్పుడు. కొన్నచోట "మోటారు కాలిపోయింది" అన్నది దీన్నే. చాచా ఒప్పుకోలేదు. "కాలితే వాసన చెప్తది. గిది వాసన లేదు."

ఈ మోటార్లలో బ్రష్షులు ఉండవు. లోపల తీగచుట్టలకు మూడు లావుపాటి తీగల ద్వారా వంతులవారీగా కరెంటు ఇస్తుంటే చుట్టూ ఉన్న అయస్కాంతాలు తిరుగుతాయి. ఏ క్షణంలో ఏ చుట్టకు ఇవ్వాలో కంట్రోలరుకు చెప్పేవి హాల్ సెన్సర్లు, మూడు చిన్న గింజలు. వాటి నుంచి సన్నపు తీగలు అయిదు వస్తాయి. రెండు కరెంటువి, మూడు కబురు మోసేవి. ఈ ఎనిమిదీ ఒకే తొడుగులో ఇరుసు పక్కనుంచి బయటికొస్తాయి. సైకిలు ఆ పక్కకు పడితే మొదట నలిగేది అదే.

మల్టీమీటరు పట్టుకోవడానికి చాచాకు రెండుచేతులూ కావాలి. చక్రం తిప్పడానికి మూడో చెయ్యి కావాలి. ఆ మూడో చెయ్యి నా ఎడమచెయ్యి. "మెల్లగ... ఇంకా మెల్లగ" అంటుంటే తిప్పాను. మొదటి తీగ మీద మీటరు సున్నా, అయిదు, సున్నా, అయిదు అంటూ ఊగింది. రెండోదీ మూడోదీ కలిసిపోయి ఒకే పాట పాడుతున్నాయి. అంటే ఆ రెంటి మీది తొడుగు నలిగి ఒకదానికొకటి అంటుకున్నాయన్నమాట. ఇరుసు దగ్గర బ్లేడుతో కోసి చూస్తే సరిగ్గా అదే. బియ్యపుగింజంత చోట రాగి బయటపడి ఉంది. కొత్త తీగ అతికి, టంకం వేసి, ముడుచుకునే గొట్టం తొడిగి వేడిచేశాడు. మోటారు సుబ్బరంగా తిరిగింది. ఆ పనికి తీసుకుంది 400 రూపాయలు. కొత్త చక్రానికి చెప్పిన ధర ఇక్కడ రాస్తే ఈ 400 నమ్మరు.

చాచా దగ్గర లేనివి కోఠీలో దొరుకుతాయి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో జీరో టికెట్ కాబట్టి ఎన్నిసార్లు వెళ్లినా నాకు ఖర్చు ఓపిక మాత్రమే. ఆధార్ కార్డు ఎడమచేత్తో తీయడానికి నేను తంటాలు పడుతుంటే కండక్టరమ్మ "ఉండనీ అక్కా, ముందు కూసో" అని ఒకాయన్ని లేపి సీటిప్పించింది. కట్టుకున్న విలువ అప్పుడు తెలిసింది.

కోఠీ గుజరాతీ గల్లీ రాణిగంజ్‌కు చిన్నచెల్లెలు. అక్కడ ఇనుము, ఇక్కడ రాగి. పిల్లల అగ్గిపెట్టెలంత అరల్లో రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఎల్‌ఈడీలు, కనెక్టర్లు. కౌంటరు ముందు ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టు చీటీలు పట్టుకుని గుంపుగా నిలబడతారు. కొట్టు యజమాని చీటీ చదివి, "ఇది పనిచేయదు, మీ సార్‌ను అడుగు" అని వెనక్కి పంపించడం కూడా చూశాను. నాక్కావలసింది బ్రేకు పిడిలోని స్విచ్చుకు సరిపోయే కనెక్టరు. ఎలక్ట్రిక్ సైకిల్లో బ్రేకు నొక్కగానే మోటారుకు కరెంటు ఆగిపోవాలి. ఆ పని చేసేది పిడిలోని చిన్న స్విచ్చు. అది తెగితే బ్రేకు ఒకపక్క ఆపుతుంటే మోటారు ఇంకోపక్క నెడుతుంది. ఆ కనెక్టరు పళ్లు రెండా మూడా అన్న దగ్గర తేడా వచ్చి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. మూడోసారి ఆయనే గుర్తుపట్టి "కట్టు మేడం వచ్చారు" అని అర తెరిచాడు.

ఆరోవారం చివర కట్టు విప్పారు. లోపలి చెయ్యి నాది కాదేమో అనిపించింది. సన్నగా, పాలిపోయి, పొలుసులుగా ఉంది. మంచినీళ్ల సీసా మూత తిప్పలేను. ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చి పిండమంది. పిండితే బంతికి తెలియలేదు. గోరువెచ్చటి నీళ్లలో ముంచి మణికట్టు పైకీ కిందికీ వంచడం, తువ్వాలు మెలిపెట్టడం, చపాతీపిండి కలపడం... ఆ చివరిది మా ఇంట్లో అందరికీ నచ్చిన వ్యాయామం.

ఇక్కడే అసలు చిక్కు. మన సైకిళ్లలో కుడిచేతి పిడి ముందుబ్రేకుది. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందుబ్రేకుదే. నా పాతవి తీగతో లాగే డిస్క్ బ్రేకులు. గట్టిగా పిండితే గానీ పట్టవు. నా కుడిచేతికేమో పిండే శక్తి లేదు. చాచాకు చెప్తే నవ్వి, "నూనె బ్రేకు వేద్దాం" అన్నాడు. హైడ్రాలిక్ అన్నమాట. తీగ బదులు సన్నటి గొట్టంలో నూనె. ఒక్కవేలితో నొక్కినా ఆ ఒత్తిడి చక్రం దగ్గర ఎన్నో రెట్లవుతుంది. దాంతోపాటు ముందు డిస్కు 160 మిల్లీమీటర్ల నుంచి 180కి మార్చాం. డిస్కు పెద్దదైతే అదే నొక్కుకు ఎక్కువ పట్టు. టైర్లు కొంచెం వెడల్పువి, గాడులు ఉన్నవి. మోటారు ఇరుసు జారకుండా ఒక ఇనపపట్టీ. ముందు, వెనక లైట్లు. కుడిపక్కకు అద్దం.

అప్పుడే పక్కనున్న కుర్రమెకానిక్ ఆశ పెట్టాడు. "ఎట్లాగూ విప్పినం గద మేడం, 48 వోల్టులది వేస్తా. అయిదువందల వాట్లు. నలభై స్పీడు గ్యారంటీ." చాలామంది వేయించుకుంటున్నారట. వద్దన్నాను. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉంటేనే మన దేశంలో ఇలాంటి బండికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. దాటిందంటే చట్టం దృష్టిలో అది మోటారు వాహనమే. నంబరు ప్లేటు, బీమా లేకుండా నడిపినట్టే. పోలీసు పట్టుకోకపోవచ్చు. కానీ 25తో పోవడానికి కట్టిన ఫ్రేము, ఇరుసు, బ్రేకులు 40తో పోతే ఎవరు పూచీ? ఆ కంకర మీద నేను 15లో ఉండగా పడ్డాను. 40లో ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదేమో! కుర్రాడు మాత్రం నన్ను జాలిగా చూశాడు.

చివరికి మిగిలింది ఇసుకబకెట్టులోని బ్యాటరీ. దాని డబ్బా మూల సొట్టపోయింది. మీటరు పెడితే 38 వోల్టుల పైచిలుకు. 36 వోల్టుల బ్యాటరీకి అది మంచి లెక్కే. మా ఆయన కూడా "బాగానే ఉంది కదా" అన్నారు. కానీ ఆ మొత్తం మనల్ని మోసం చేస్తుంది. లోపల వేలెడంత ఘటాలు 30 ఉంటాయి. మూడేసి చొప్పున పది జట్లు, వరసగా కలిపి. బ్యాటరీలు కట్టే దుకాణంలో విప్పి ఒక్కో జట్టు కొలిచారు. తొమ్మిది జట్లు 3.9 దగ్గర ఉన్నాయి. సొట్ట పక్కనున్న పదోది 3.2. తొమ్మిదిమంది ఆరోగ్యంగా ఉండి పదోవాడు రక్తం కోల్పోతున్నట్టు. లిథియం ఘటం లోపల రెండు పలచటి రేకులను చాపచుట్టలా చుట్టి, మధ్యలో ఉల్లిపొరలాంటి ప్లాస్టిక్ తెర పెడతారు. సొట్టపడి ఆ తెర చిరిగిందంటే లోపలే షార్ట్. ఇవాళ కాకపోతే చార్జింగ్ పెట్టిన ఏదో రాత్రి వేడెక్కవచ్చు.

"ఆ మూడు ఘటాలూ మార్చి ఇస్తా, చవగ్గా అయిపోతుంది" అన్నాడు దుకాణదారు. మిగతా 27 కూడా అదే దెబ్బ తిన్నాయి కదా అని అడిగాను. కాసేపు ఆలోచించి "మా ఇంట్లో అయితే కొత్తదే పెడతా" అన్నాడు. నాకు కావలసిన జవాబు అదే. మా మూడో అంతస్తులో ఎదురింట్లో నెలల పాప ఉంది. వోల్టులు మార్చకుండా 36లోనే, కొంచెం పెద్దది, 10 యాంపియర్ అవర్లది కట్టించాను. పాత చార్జరు, కంట్రోలరు అవే సరిపోయాయి. ఇదివరకు పాతిక కిలోమీటర్లు వస్తే ఇప్పుడు ముప్పై దాటుతోంది. మొత్తం రిపేరులో సగానికి పైగా ఖర్చు దీనిదే. పాత బ్యాటరీని ఈ-వ్యర్థాలు తీసుకునే వాళ్లకు అప్పగించి రసీదు తీసుకున్నాం. ఇలాంటివి చెత్తబండిలో వేస్తే, లారీలో అదిమేటప్పుడు అక్కడే అంటుకుంటాయి. పాపం, ఆ బండి మీద మనుషులుంటారు.

ఆ రసీదు నోటీసుబోర్డుకు అంటించాక సెల్లార్ గొడవ సద్దుమణిగింది. ఇప్పుడు చార్జింగ్ మేము మెలకువగా ఉన్నప్పుడే, మెట్లకు దూరంగా. ఇంట్లో మాత్రం ఒప్పందం కుదరడానికి ఇంకో పదిరోజులు పట్టింది. డాక్టరు సరే అనాలి, వాన పడిన పొద్దున సైకిలు తీయకూడదు, మొదటి నెల అమ్మాయి స్కూటరు మీద వెనక రావాలి. మూడో షరతు నాలుగోరోజుకే వీగిపోయింది. పొద్దున్న ఆరింటికి లేవాలి కదా!

పడ్డ పన్నెండోవారం ఒక ఆదివారం నెక్లెస్ రోడ్డుకు వెళ్లాను. సంజీవయ్య పార్కు దాకా వెళ్లి వెనక్కి. కుడిచేతి చూపుడువేలు ఒక్కటి ఆనిస్తే బండి మెత్తగా ఆగుతోంది. మలుపు రాగానే మాత్రం భుజాలు బిగుసుకుంటున్నాయి. రోడ్డు మీద తడి కనిపిస్తే కాళ్లు వాటంతట అవే ఆగుతున్నాయి. దానికి రాణిగంజ్‌లో సామాను దొరకదు. ఏడో కిలోమీటరు దగ్గర మణికట్టు సన్నగా సలిపింది. ఆగి, రెయిలింగుకు సైకిలు ఆనించి, ఫిజియో అమ్మాయి చెప్పినట్టు చెయ్యి పైకీ కిందికీ ఇరవైసార్లు వంచాను. పక్కన వాకింగ్ చేస్తున్న పెద్దాయన నాకు నమస్కారం పెట్టాడు. వంచుతున్న చెయ్యి తనకేననుకున్నట్టున్నాడు.

ఆఫీసుకు ఇప్పుడు వారానికి మూడురోజులు సైకిలు, రెండురోజులు బస్సు. కొత్తగా బెండు తీసిన చక్రం వంద కిలోమీటర్లు తిరిగాక తీసుకురమ్మన్నాడు చాచా. స్పోకులు సర్దుకుంటాయట, మళ్లీ ఒకసారి బిగించాలట. మీటరులో ప్రస్తుతం 62 చూపిస్తోంది.